విమానం సినిమాలు – గెలుపు ఓటములు: ఒక పరిశీలన

ఉత్కంఠ ప్రధానంగా నడిచే సినిమాలను వాడుకలో మనం థ్రిల్లర్లు అంటున్నాం. వాటిలో విమానంలో కథ జరిగే సినిమాలది ఒక ప్రత్యేకమైన తరగతి. హత్య కథకు ఏ ఊరైనా సరిపోతుంది. దొంగతనం కథకు ఏ బ్యాంకైనా సరిపోతుంది. విమానం కథకు ఉన్న చోటంతా కలిపితే సుమారు 120 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల ఒక లోహపు గొట్టం. అందులో ఒకరికొకరు తెలియని నూట యాభై మంది. వాళ్ల కాళ్ల కింద 35,000 అడుగుల ఖాళీ. ఇంత ఇరుకు చోట ప్రేక్షకుణ్ణి రెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టడం మామూలు పని కాదు. కొందరు దర్శకులు కూర్చోబెట్టారు. చాలామంది వల్ల కాలేదు. కారణమేమిటి?

దీన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. మేము ఈ హాస్టల్లో పదో తరగతి వరకు ఉండి, ప్రస్తుతం యూనివర్సిటీలో పీజీ చదువుతున్న పాత విద్యార్థులం. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం. మాలో ఇంతవరకు విమానం ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా ఈ సినిమాల గురించి మాట్లాడే అర్హత మాకు ఉందనే అనుకుంటున్నాం. రాత్రి అటెండెన్స్ అయ్యాక వాచ్‌మన్ గేటుకు తాళం వేస్తే, తెల్లవారే దాకా లోపల ఉన్నవాళ్లతోనే, లోపల ఉన్నవాటితోనే సర్దుకోవడం ఎలా ఉంటుందో హాస్టల్ విద్యార్థికి ఒకరు చెప్పాలా!

సెలవుల్లో ఒకే ల్యాప్‌టాప్ ముందు ఆరుగురం కూర్చుని ఇలాంటి సినిమాలు వరుసగా చూశాం. చూసి వాదించుకున్నాం. చివరికి మాకు తేలినది ఇది. విమానం తలుపు మూసుకున్న క్షణాన దర్శకుడు ప్రేక్షకుడికి ఒక మాట ఇస్తున్నాడు. ఇక బయటివాడు లోపలికి రాడు, లోపలివాడు బయటికి పోడు, ప్రమాదానికీ రక్షణకూ కావలసిన సామగ్రి అంతా ఇప్పటికే లోపల ఉంది అన్నదే ఆ మాట. ఆ మాట మీద నిలబడిన సినిమా నిలబడింది. తప్పినది ఎంత ఖర్చు పెట్టినా కూలింది.

బస్సుకు, విమానానికి తేడా

బస్సులో కూడా అపరిచితులే ఉంటారు కదా, బస్సు కథ ఎందుకు అంత బిగువుగా ఉండదు? ఎందుకంటే బస్సు ఆగుతుంది. గొడవ జరిగితే డ్రైవరు రోడ్డు పక్కన ఆపేస్తాడు, కండక్టరు దించేస్తాడు. రైలుకు గొలుసు ఉంది. విమానానికి ఆగడం అన్నదే లేదు, దిగడం ఒక్కటే ఉంది. 1994లో వచ్చిన ‘స్పీడ్’ సినిమా చూసినవాళ్లకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది. అందులో బస్సు వేగం గంటకు 50 మైళ్లు, అంటే 80 కిలోమీటర్లు దాటాక మళ్లీ దానికంటే తగ్గితే బాంబు పేలుతుంది. అంటే ఆగడానికి వీల్లేదు. ఆ ఒక్క షరతుతో దర్శకుడు యాన్ డి బాంట్ సిటీ బస్సును విమానంగా మార్చేశాడు. ఆ బస్సు చివరకు వెళ్లి తిరిగేది కూడా విమానాశ్రయంలోనే! అందరూ బస్సు దిగిన తర్వాత కథ మెట్రో రైల్లోకి వెళ్తుంది. అక్కడి నుంచి మా గదిలో ఇద్దరు ఫోన్లు తీశారు.

ఉత్కంఠకు, ఉలికిపాటుకు తేడాను హిచ్‌కాక్ అనే బ్రిటిష్ దర్శకుడు ఒక ఉదాహరణతో చెప్పేవాడు. ఇద్దరు మాట్లాడుకుంటున్న బల్ల కింద బాంబు ఉంది. అది ఉన్నట్టు మనకు చెప్పకుండా పేల్చేస్తే మనం పదిహేను సెకన్లు ఉలిక్కిపడతాం. ముందే బాంబును, గోడ గడియారాన్ని చూపించి, ఆ ఇద్దరినీ ఏవో పనికిరాని కబుర్లు చెప్పుకోనిస్తే పదిహేను నిమిషాలు మనకు ఊపిరాడదు. విమానం సినిమాకు ఇదే పునాది. ఏది ఎక్కడ ఉందో, ఎంత సమయం ఉందో మనకు ముందుగా తెలియాలి.

మొదటి తరం

1970లో వచ్చిన ‘ఎయిర్‌పోర్ట్’ ఈ తరహా సినిమాలకు పెద్ద బాట వేసింది. ఆర్థర్ హేలీ నవల దానికి ఆధారం. ఇప్పుడు చూస్తే మొదటి గంట నెమ్మదిగా ఉందనిపిస్తుంది. ఓపిక పట్టి చూడండి. పని పోయి, అప్పులపాలై ఉన్న ఒక మనిషి భార్య పేరున బీమా కొంటాడు. చిన్న బ్రీఫ్‌కేసులో బాంబు పెట్టుకుని విమానం ఎక్కుతాడు. విమానం సముద్రం మీద పేలిపోతే సాక్ష్యం ఉండదు, భార్యకు డబ్బు వస్తుంది అన్నది అతని లెక్క. అతని పక్క సీట్లో టికెట్టు లేకుండా ఎక్కిన ఒక ముసలమ్మ. కింద విమానాశ్రయంలో మంచు తుపాను. ముఖ్యమైన రన్‌వే మీద ఒక విమానం మంచులో కూరుకుపోయి కదలడం లేదు. పైన పెట్టె, కింద మూసుకున్న దారి. రెండూ మనకు తెలుసు, విమానంలో ఉన్నవాళ్లకు తెలియదు.

అక్కడ ప్రతినాయకుడు రాక్షసుడు కాడు. హోటల్లో పనిచేసి ఇల్లు నడుపుతున్న భార్య ముందు తలెత్తుకోలేకపోతున్న మనిషి. ఆ అప్పు బాధ మన ఊళ్లకు కొత్త కాదు కాబట్టి ఆ పాత్ర మాకు పరాయిగా అనిపించలేదు. ముసలమ్మగా వేసిన హెలెన్ హేస్‌కు ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ వచ్చింది.

సినిమా ఆడింది కాబట్టి కొనసాగింపులు వచ్చాయి. 1974లో వచ్చిన రెండో భాగంలో ఎగురుతున్న విమానం కాక్‌పిట్‌లోకి బయటి నుంచి ఒక మనిషిని తాడుతో దించారు. 1977 నాటి మూడో భాగంలో విమానం సముద్రం అడుగుకు చేరింది. 1979 నాటి నాలుగో భాగంలో కాంకార్డ్ విమానం ధ్వని వేగంతో పోతుండగా పైలట్ కిటికీ తెరిచి, చెయ్యి బయటపెట్టి, క్షిపణిని దారి మళ్లించడానికి మంటల తుపాకీ పేలుస్తాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడు పల్లీ పొట్టు బయట పారేసినంత తేలిగ్గా! తలుపు మూసిన మాట అక్కడ పూర్తిగా తప్పింది. ఆ వరుసలో అయిదో సినిమా రాలేదు.

మరుసటి సంవత్సరం, 1980లో, ‘ఎయిర్‌ప్లేన్!’ అనే హాస్య చిత్రం వచ్చింది. 1957 నాటి ‘జీరో అవర్!’ సినిమాకు అది అనుకరణ. ‘జీరో అవర్!’ కథలో కూడా ఆర్థర్ హేలీ చెయ్యి ఉంది. భోజనంలో చేప విషమై పైలట్లు పడిపోతారు, యుద్ధం జ్ఞాపకాలతో బాధపడుతున్న ఒక ప్రయాణికుడు విమానం దించాలి. హాస్య చిత్రం తీసినవాళ్లు పాత సినిమా హక్కులు కొనుక్కుని, చాలాచోట్ల అవే సంభాషణలను ముఖం సీరియస్‌గా పెట్టించి చెప్పించారు. హాలు పగలబడి నవ్వింది. భయం ముఖాలు అలవాటైపోతే, పైన కొత్తగా ఏమీ లేకపోతే, ఏడిపించాల్సిన మాటే నవ్విస్తుంది. రచన నేర్చుకునేవాళ్లు ఈ రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

తలుపు గురించి కొంత సైన్సు

ఇక్కడ కథ పక్కన పెట్టి తొమ్మిదో తరగతి ఫిజిక్సులోకి వెళ్దాం. మా మిత్రుడొకరి అన్నకు మస్కట్‌లో పని దొరికింది. వీసా వచ్చింది, టికెట్టు వచ్చింది. వాళ్ల అమ్మ మాత్రం వద్దని పట్టుబట్టింది. టీవీలో ఏదో డబ్బింగ్ సినిమాలో విమానానికి చిన్న రంధ్రం పడగానే మనుషులు ఒకరి తర్వాత ఒకరు బయటికి లాగబడడం ఆమె చూసింది. అప్పు తెచ్చి కట్టిన డబ్బు సంగతి ఎవరు చెప్పినా వినలేదు. సినిమా అబద్ధం ఒక ఇంటి బతుకుతెరువుకు అడ్డం వచ్చింది. అందుకే ఈ భాగం రాస్తున్నాం.

పైకి వెళ్లే కొద్దీ గాలి పలచబడుతుంది. అందుకని విమానం లోపల గాలిని నొక్కి ఉంచుతారు. 35,000 అడుగుల ఎత్తులో ఎగురుతున్నా లోపల గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుగా ఉంటుంది. లోపలి ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ. ఆ తేడా చదరపు మీటరుకు సుమారు అయిదున్నర టన్నులు. సాధారణంగా విమానం తలుపులు తెరవాలంటే ముందు లోపలికి కదలాలి, లేదా ఆ ఒత్తిడి తగ్గాలి. అన్ని టన్నులకు ఎదురుగా లాగగల మనిషి లేడు. కాబట్టి ఆకాశంలో ఎవడో పిచ్చివాడు పిడి తిప్పి తలుపు తెరిచేస్తాడన్నది అసాధ్యం. కిందికి వచ్చాక సంగతి వేరు. 2023 మేలో దక్షిణ కొరియాలో ఒక ప్రయాణికుడు దిగబోతున్న ఆసియానా విమానం అత్యవసర ద్వారం తెరిచాడు. అప్పుడు విమానం నేలకు సుమారు 700 అడుగుల ఎత్తులోనే ఉంది, లోపలా బయటా ఒత్తిడి దాదాపు సమానం. విమానం క్షేమంగా దిగింది, ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు.

తుపాకీ గుండు పడిన చిన్న రంధ్రం వల్ల మనుషులు ఎగిరిపోరు. 1964లో జేమ్స్ బాండ్ సినిమా ‘గోల్డ్‌ఫింగర్’లో లావాటి విలన్ కిటికీలోంచి జారిపోయిన దగ్గర నుంచి ఈ అపోహ బలపడింది. పెద్ద భాగమే ఊడితే ప్రమాదం నిజమే. అప్పుడు ఆక్సిజన్ మాస్కులు కిందికి పడతాయి. వాటిలో గాలి సుమారు పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు వస్తుంది. ఈలోగా పైలట్ విమానాన్ని 10,000 అడుగులకు దించుతాడు, అక్కడ మాస్కు లేకుండానే ఊపిరి పీల్చవచ్చు. గమనించండి, పన్నెండు నిమిషాలు! కథ రాసేవాడికి నిజమే ఒక గడియారాన్ని ఉచితంగా ఇస్తుంటే, చాలామంది దాన్ని వదిలేసి మనుషుల్ని రంధ్రంలోంచి లాగిస్తున్నారు.

ఇంజన్లు ఆగిపోతే విమానం రాయిలా పడుతుందన్నది రెండో అపోహ. 1983 జులై 23న కెనడాలో ఎయిర్ కెనడా వారి కొత్త బోయింగ్ 767 విమానం 41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అయిపోయింది. కారణం వింటే మన లెక్కల మాస్టారు చెవి మెలిపెడతారు. కిలోల్లో వేయాల్సిన లెక్క పౌండ్ల లెక్కతో కలిసిపోయింది. ఒక కిలో అంటే 2.2 పౌండ్లు కాబట్టి ట్యాంకులో కావలసిన దాంట్లో సగం కూడా లేదు. కెప్టెన్‌కు ఇంజన్ లేని గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. ఆయన అంత పెద్ద విమానాన్ని గాలిలో తేలించుకుంటూ గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దించాడు. ఆ రన్‌వేను అప్పటికి కార్ల పందేలకు వాడుతున్నారు, ఆ రోజు అక్కడ జనం కూడా ఉన్నారు. అందరూ బతికారు. ఇదే కథ ఎవరైనా రాసుకొస్తే నిర్మాత ‘మరీ అంత వద్దయ్యా’ అంటాడేమో!

ఆ అమ్మకు ఒత్తిడి సంగతి కుక్కర్ మూత చూపించి చెప్పారట. ఆవిరి పోనిదే మూత రాదు కదా అని. అన్న మస్కట్ వెళ్లాడు.

ఏ తప్పు క్షమిస్తాం, ఏది క్షమించం

అలాగని ప్రతి సాంకేతిక దోషమూ సినిమాను కూల్చదు. 1990 నాటి ‘డై హార్డ్ 2’లో దుండగులు వాషింగ్టన్ విమానాశ్రయాన్ని స్తంభింపజేస్తే, పైన విమానాలు ఇంధనం అయిపోయే దాకా గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. నిజంగా అయితే పక్క ఊరి విమానాశ్రయానికి వెళ్లిపోతాయి. అయినా సినిమా ఆడింది. 1997 నాటి ‘ఎయిర్ ఫోర్స్ వన్’లో అమెరికా అధ్యక్షుడి విమానంలో తప్పించుకునే గుళిక ఒకటి చూపించారు. నిజం విమానంలో అలాంటిది లేదు. ఆ గుళికను మొదట్లోనే పరిచయం చేశారు, అధ్యక్షుడు అందులో వెళ్లిపోయే అవకాశం ఉండీ భార్యాబిడ్డల కోసం ఆగిపోయాడు. ఆ ఒక్క నిర్ణయంతో మనం గుళికను ప్రశ్నించడం మానేస్తాం. ప్రపంచానికి సంబంధించిన తప్పును ప్రేక్షకుడు క్షమిస్తాడు. సినిమా తాను పెట్టుకున్న నిబంధనను తానే తప్పితే క్షమించడు.

దీనికి మంచి ఉదాహరణ 2005 నాటి ‘ఫ్లైట్‌ప్లాన్’. జోడీ ఫాస్టర్ కథానాయిక. ఆమె విమానం ఇంజన్ల ఇంజనీరు. భర్త శవపేటికతో, ఆరేళ్ల కూతురితో బెర్లిన్ నుంచి న్యూయార్క్ బయలుదేరుతుంది. కునుకు తీసి లేచేసరికి పాప లేదు. అసలు పాప ఎక్కనే లేదంటారు సిబ్బంది. పేర్ల జాబితాలో కూడా లేదు. ఇంతకంటే గొప్ప మొదలు ఉండదు. పైగా ఆమె ఇంజనీరు కాబట్టి, విమానం పైకప్పు పైన ఏముంది, నేల కింద ఏముంది అన్నీ ఆమెతో పాటు మనమూ తిరిగి చూస్తాం. మొదటి గంట మాలో ఎవరూ మంచినీళ్లకు లేవలేదు.

తర్వాత విలన్ పథకం బయటపడుతుంది. అక్కడ కూలింది. ఆ పథకం పారాలంటే విమానంలో ఇన్ని వందల మందిలో ఒక్కరు కూడా ఆ పాపను చూసి ఉండకూడదు. ఒక్క ముసలాయనో, ఒక్క చంటిపిల్లాడో ‘ఆ పాపను నేను చూశాను’ అంటే పథకం అంతటితో సరి. మన హాస్టల్లో ఎవరి ట్రంకుపెట్టెలో మురుకులు వచ్చాయో పది నిమిషాల్లో ఎనభై మందికి తెలుస్తుంది. మూసిన చోట మనుషులు ఒకరినొకరు చూసుకోవడం తప్ప ఇంకేం చేస్తారు? సినిమా మూసిన గది బలాన్ని మొదటి సగంలో వాడుకుని, రెండో సగంలో అదే బలాన్ని కాదన్నది. వసూళ్లలో అది విజయమే, ప్రపంచవ్యాప్తంగా 20 కోట్ల డాలర్లు దాటింది. రెండోసారి చూద్దామంటే మాత్రం మాలో ఎవరూ చెయ్యెత్తలేదు.

అదే సంవత్సరం వచ్చిన ‘రెడ్ ఐ’ దీనికి పూర్తిగా వ్యతిరేకం. గంటన్నర కూడా లేదు. పక్క సీటువాడు మంచిగా మాట్లాడుతూ మాట్లాడుతూ, నేను చెప్పినట్టు ఫోను చెయ్యకపోతే మీ నాన్న చచ్చిపోతాడంటాడు. అంతే కథ. రెండు సీట్లు, ఒక ఫోను. విమానం దిగాక ఇంట్లో పరుగులు పెట్టే భాగం మామూలుగా ఉంది, ఆ రెండు సీట్ల మధ్య భాగం అద్భుతం.

‘స్నేక్స్ ఆన్ ఎ ప్లేన్’ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 2006లో విడుదలకు ముందే పేరు చూసి జనం ఇంటర్నెట్‌లో ఎంతో హడావుడి చేశారు. వసూళ్లు ఆ హడావుడికి తగ్గట్టు రాలేదు. విమానంలో పాములు అని పేరులోనే చెప్పేశాక లోపల చూపించడానికి పాములు తప్ప ఏం మిగిలింది?

ముగింపు తెలిసిన కథలు

ముగింపు తెలిసిపోతే థ్రిల్లర్ పని అయిపోయినట్టే అని చాలామంది అంటారు. 2006 నాటి ‘యునైటెడ్ 93’ ఆ మాటను కొట్టిపారేసింది. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో హైజాక్ అయిన నాలుగు విమానాల్లో ఇది నాలుగోది. ప్రయాణికులు తిరగబడడంతో గురి చేరకుండానే పెన్సిల్వేనియాలో పొలాల్లో కూలింది, ఎవరూ బతకలేదు. ఈ సంగతి తెలిసే మనం కూర్చుంటాం. దర్శకుడు పాల్ గ్రీన్‌గ్రాస్ పెద్ద తారలను తీసుకోలేదు. ఆ రోజు దేశం మొత్తం విమానాల రాకపోకలను పర్యవేక్షించిన బెన్ స్లైనీ తన పాత్ర తానే వేశాడు. ఆ ఉద్యోగంలో అది ఆయనకు మొదటి రోజు. లోపలివాళ్లకు బయట ఏం జరుగుతోందో ఫోన్ల ద్వారా కొంచెం కొంచెంగా తెలుస్తుంది, బయటివాళ్లకు లోపల ఏం జరుగుతోందో అసలు తెలియదు. మనకు రెండూ తెలుసు. హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు ఇదే. అప్పుడు ‘ఏం జరుగుతుంది’ అన్న ప్రశ్న పోయి, ‘వీళ్లకు ఎప్పుడు తెలుస్తుంది’ అన్న ప్రశ్న మిగులుతుంది. రెండోదే బరువైన ప్రశ్న.

2016 నాటి ‘సల్లీ’లో ఇంకో ఇబ్బంది ఉంది. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పైకి లేచిన విమానానికి పక్షులు తగిలి రెండు ఇంజన్లూ చచ్చుబడితే, కెప్టెన్ దాన్ని హడ్సన్ నది మీద దించాడు. 155 మందీ బతికారు. పక్షులు తగిలిన దగ్గర నుంచి నీళ్లు తాకేదాకా పట్టిన కాలం 208 సెకన్లు. మూడున్నర నిమిషాల ఘటనతో గంటన్నర సినిమా ఎలా తీయాలి? క్లింట్ ఈస్ట్‌వుడ్ ఆ 208 సెకన్లను మళ్లీ మళ్లీ వేర్వేరు చోట్ల నుంచి చూపించాడు. అది బాగుంది. విలన్ కావాలి కాబట్టి దర్యాప్తు అధికారులను కక్షగట్టినవాళ్లలా చూపించాడు. అది బాగాలేదు. నిజంగా దర్యాప్తు చేసినవాళ్లు కూడా దానికి అభ్యంతరం చెప్పారు. పక్షులూ నదీ చాలవా?

మన దగ్గర

1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ రావలసిన ఐసీ 814 విమానం హైజాక్ అయి అమృత్‌సర్, లాహోర్, దుబాయ్‌ల మీదుగా కాందహార్ చేరింది. అమృత్‌సర్‌లో ముప్పావు గంట సేపు నేల మీదే ఉంది, ఎవరూ ఆపలేకపోయారు. ముగ్గురు తీవ్రవాదులను విడిచిపెట్టాక డిసెంబరు 31న ప్రయాణికులు బయటపడ్డారు. ఒక యువకుడు అంతకుముందే హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత వచ్చిన భారతీయ హైజాక్ సినిమాలన్నింటి మీదా ఈ ఘటన నీడ ఉంది. 2003 నాటి హిందీ ‘జమీన్’ నుంచి 2024లో వచ్చిన వెబ్ సిరీస్ దాకా ఇదే వరుస.

తెలుగులో చెప్పుకోవలసింది 2011 నాటి ‘గగనం’. దర్శకుడు రాధామోహన్. హైజాక్ అయిన విమానం తిరుపతిలో దిగుతుంది. నాగార్జున కమాండో అధికారి. ఆయనకు జోడీ లేదు, డ్యూయెట్ లేదు. సినిమాలో ఎక్కువ భాగం ఆయన ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. మన సినిమాల్లో హీరోను ఎదురుచూడనివ్వడమే ఒక సాహసం! కథ తరచుగా విమానం బయటికి వస్తుంది. మేము పైన చెప్పిన సూత్రం ప్రకారం అది కూలాలి, అయినా కూలలేదు. ఎందుకంటే అధికారులు కూర్చున్న గది కూడా ఇంకో మూసిన గదే. వాళ్లకూ అదే గడువు, వాళ్లలోనూ నిర్ణయం తీసుకోలేని భయం. విమానంలో షైనింగ్ స్టార్ బిరుదున్న ఒక సినిమా హీరో కూడా ప్రయాణికుడిగా ఉంటాడు. తెర మీద వందమందిని కొట్టినవాడు ఇక్కడ సీట్లో ముడుచుకుపోతాడు. అభిమాని మాత్రం మా అన్న ఇప్పుడు లేస్తాడని చూస్తూనే ఉంటాడు. 1996 నాటి ‘ఎగ్జిక్యూటివ్ డెసిషన్’ ఇదే పని ఇంకోలా చేసింది. పోరాట వీరుడిగా పేరున్న స్టీవెన్ సీగల్‌ను మొదట్లోనే చంపేసింది. ఇక కాపాడేవాడెవడూ లేడని తెలిశాక హాల్లో ప్రతివాడూ సీటు అంచుకు వచ్చాడు.

అన్నింటికంటే మమ్మల్ని కదిలించింది 2016 నాటి హిందీ ‘నీర్జా’. ఉపాధ్యాయ దినోత్సవం అని మనం పండగ చేసుకునే సెప్టెంబరు 5న, 1986లో, ముంబయి నుంచి వచ్చి కరాచీలో ఆగి ఉన్న పాన్ ఆమ్ విమానంలోకి సాయుధులు చొరబడ్డారు. సీనియర్ విమాన సహాయకురాలు నీర్జా భనోత్ వెంటనే కాక్‌పిట్‌కు హెచ్చరిక పంపింది. పైలట్లు పై ద్వారం గుండా దిగిపోయారు. వినడానికి పారిపోయినట్టు అనిపిస్తుంది కానీ, పైలట్లు లేకపోవడం వల్లనే ఆ విమానం లేవలేకపోయింది. లోపల సుమారు 380 మంది మిగిలారు. పెద్ద దిక్కు ఎవరంటే ఈమే. అమెరికన్లను ఏరడానికి పాస్‌పోర్టులు అడిగితే ఈమె, తోటి సిబ్బంది కలిసి అమెరికన్ల పాస్‌పోర్టులు దాచేశారు. పదిహేడు గంటలు గడిచాయి. కరెంటు పోయి దీపాలు ఆరగానే కాల్పులు మొదలయ్యాయి. ఆమె తలుపు తెరిచి ప్రయాణికులను బయటికి పంపింది, పిల్లలను కాపాడుతూ తాను చనిపోయింది. ఆ కాల్పుల్లో మరణించినవాళ్లు ఇరవై మందికి పైగా ఉన్నారు. ఆమెకు అశోకచక్ర ఇచ్చారు. ఇంకో రెండు రోజులైతే ఆమెకు 23 నిండేవి. మా వయసు.

ఈ సినిమాలో హైజాక్ మొదలయ్యాక విమానం నేల వదలదు. ఆకాశం లేదు, ఇంజన్ మంటలు లేవు. అయినా ఇది మంచి విమానం సినిమాల్లో ఒకటి. ఆ ఉత్కంఠ అంతా ఒక అమ్మాయి చేసే మామూలు పనుల్లో ఉంది. ట్రే అందించడం, సీటు పక్కన వంగి మాట్లాడడం, ఏ తలుపు ఎటు ఉందో గుర్తుంచుకోవడం. విదేశీ సినిమాల్లో ఇలాంటి ఉద్యోగికి సాధారణంగా రెండే పనులు, అరవడం లేదా కాఫీ ఇవ్వడం. ‘ఫ్లైట్‌ప్లాన్’ అయితే విమాన సహాయకురాలిని దుర్మార్గుల్లో కలిపింది. అమెరికాలో ఆ ఉద్యోగుల సంఘాలు సినిమాను బహిష్కరించమని పిలుపు కూడా ఇచ్చాయి. తలుపు తెరవడం తెలిసిన మనిషిని కథ మధ్యలో పెట్టిన సినిమాకు సగం విజయం అక్కడే ఉందని మా అభిప్రాయం.

ఇంకొక చిన్న సంగతి. పేరు, గడ్డం చూసి మనిషిని అనుమానించడం ఈ సినిమాల్లో సులువైన దారి. ‘ఫ్లైట్‌ప్లాన్’లో తల్లి ఒక అరబ్ ప్రయాణికుణ్ణి అందరి ముందూ నిందిస్తుంది. అతనిది తప్పు లేదని తేలాక అతను నిశ్శబ్దంగా ఆమె సంచి తీసి అందిస్తాడు. 2014 నాటి ‘నాన్‌స్టాప్’లో అందరూ ముందుగా అనుమానించే ముస్లిం ప్రయాణికుడు వైద్యుడు. కులం పేరుతో, ఊరి పేరుతో చూసే చూపు ఏమిటో తెలిసిన మనకు ఆ రెండు సన్నివేశాలూ వేరే రకంగా అర్థమవుతాయి.

ఒక కథ, ఒక చిక్కు

ఇన్ని చూశాక మేము కూడా ఒక కథ అనుకున్నాం. శంషాబాద్ నుంచి దుబాయ్ వెళ్లే రాత్రి విమానం. జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి పనికి పోతున్నవాళ్లు సగం మంది. విలన్ లేడు, తుపాకీ లేదు. పైన సామాన్ల అరలో ఎవరిదో ఒక చవకరకం పవర్‌బ్యాంకు నలిగి వేడెక్కుతోంది. మొదటిసారి ఎక్కిన ఒక కుర్రాడికి వాసన తగిలింది. ఆర్మూరులో మొబైల్ రిపేరు కొట్లో పనిచేసినవాడు కాబట్టి అది ఉబ్బిన బ్యాటరీ వాసన అని అతనికి తెలుసు. సిబ్బందికి తెలుగు రాదు, అతనికి ఇంగ్లీషు, హిందీ రెండూ అంతంతే. విమానం అరేబియా సముద్రం మీద సగం దారిలో ఉంది. వెనక్కి ముంబయి, ముందుకు మస్కట్, రెండూ సమాన దూరం. అలాంటి బ్యాటరీ మంటను చల్లార్చడానికి నీళ్లు బాగా పనిచేస్తాయి, నీళ్లు సిబ్బంది బండిలో ఉన్నాయి, ఆ బండి మొదటి దృశ్యంలోనే మనకు కనిపించింది. కావలసినవన్నీ లోపలే ఉన్నాయి.

చిక్కు ఒక్కచోట ఉంది. సీటు బెల్టు దీపం వెలుగుతోంది, లేవొద్దని ఆ కుర్రాడికి ఇప్పటికే రెండుసార్లు గట్టిగా చెప్పారు. పక్కన కూర్చున్న పెద్దమనిషికి ఇంగ్లీషు వచ్చు. కానీ ఎక్కినప్పటి నుంచి అతను ఈ కుర్రాడి వైపు తిరిగి కూడా చూడలేదు. అతన్ని ఇటు తిప్పే మొదటి మాట ఏది? ఆరుగురం ఆరు రకాలుగా రాశాం, ఒకటీ కుదరలేదు. ప్రస్తుతం హాస్టల్లో ఉన్న తమ్ముళ్లలో ఎవరికైనా ఆ మాట తడితే రాసి వార్డెన్ సార్‌కు ఇవ్వండి, వచ్చే ఏటి సంచికలో మీ పేరుతో వేయిస్తాం.